గోదావరి పెరగకముందే: వరద సాయానికి జాబితా రాసుకునేటప్పుడు జాగ్రత్తలు

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అంత నీరు వచ్చాక ఎవరికేం కావాలో అడిగి రాసుకునే తీరిక ఉండదు. పడవ ఎంతవరకు పోతే సరుకులూ అంతవరకే. అందుకే సాయం చేయాలనుకునే యువజన సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు జూన్‌లోనే కూర్చుని లెక్క రాసుకోవాలి.

ముందుగా, రేషన్ కార్డుల జాబితా తెచ్చుకుని అదే ఊరు అనుకోకండి. దాంట్లో లేనివాళ్లే వరదలో ఎక్కువ ఇబ్బంది పడతారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవి అంచున గుడిసెలు వేసుకున్న గుత్తికోయలు, ఇటుక బట్టీల్లో పనిచేసే వలస కూలీలు, అద్దెకుండేవాళ్లు, ఒకే కార్డు మీద మూడు పొయ్యిలున్న ఉమ్మడి కుటుంబాలు... వీళ్లెవరూ అందులో సరిగ్గా కనిపించరు. కార్డులు కాదు, పొయ్యిలు లెక్కపెట్టండి. ఒక్కో పొయ్యి దగ్గర ఎంతమంది తింటారో కూడా రాయండి. ఇద్దరున్న ఇంటికీ తొమ్మిది మంది ఉన్న ఇంటికీ ఒకే సంచి ఇస్తే చూడ్డానికి సమానంగానే ఉంటుంది, న్యాయంగా మాత్రం ఉండదు. 2011 జనాభా లెక్కల మీదా ఆధారపడకండి. అప్పటికీ ఇప్పటికీ ఊళ్లు చాలా మారాయి.

ఎవరిని అడుగుతున్నామన్నది ఇంకా పెద్ద విషయం. ఊళ్లోకి వెళ్లగానే కుర్చీ వేసి కూర్చోబెట్టే పెద్దమనిషి చెప్పింది రాసుకుని వచ్చేస్తే, అది ఆయన వీధి లెక్క మాత్రమే అవుతుంది. 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు ఇదే జరిగింది. బాధితులంటే మత్స్యకారులే అన్నట్టు సాయం నడిచింది. కూలిపని పోయి, ఉప్పునీళ్లు చేరిన పొలాల్లో పని దొరకని వ్యవసాయ కూలీలు, ముఖ్యంగా దళితులు, చాలా చోట్ల లెక్కలోకి రాలేదు. మన దగ్గర అలాంటి స్థితి కౌలు రైతులది. పంట నష్టం జాబితాలో భూమి యజమాని పేరు ఎక్కుతుంది, పెట్టుబడి పెట్టినవాడి పేరు జారిపోతుంది. సాగు చేసేది ఎవరో విడిగా అడగండి. ఎస్సీ కాలనీకి, గూడేనికి, లంకలో చివరి ఇంటికి నడిచి వెళ్లండి. కోయ మాట్లాడేచోట ఆ భాష వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి.

ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆడవాళ్లే వెళ్లాలి. శానిటరీ ప్యాడ్ల గురించి, మరుగుదొడ్డి గురించి మగ వాలంటీరు ముందు ఎవరూ నోరు విప్పరు. అప్పుడు ఆ అవసరమే లేదని కాగితం మీద పడుతుంది. గర్భిణుల వివరాలు ఆశా కార్యకర్తకు, చిన్నపిల్లల వివరాలు అంగన్‌వాడీలో తెలుస్తాయి. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు, మంచం దిగలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో తెలిస్తే మొదటి పడవ ఎటు పోవాలో తెలుస్తుంది. ఈ వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆధార్ నంబర్లు అసలు తీసుకోకండి, మీకు వాటితో పనిలేదు.

“మీకేం కావాలి?” అనొక్కటే అడిగితే లారీలో ఏముందని విన్నారో అదే చెబుతారు. “రెండు రోజులుగా ఏం తిన్నారు, ఎలా వండారు, నీళ్లు ఎక్కడివి?” అనడగండి. బియ్యం ఉంది, ఎండు కట్టెలు లేవని అప్పుడే బయటపడుతుంది. పాత బట్టలు మాత్రం వద్దు. సునామీ అప్పుడు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నవి అవే.

పునరావాస కేంద్రానికి లెక్క వేసేటప్పుడు విపత్తు సాయంలో కనీసం ఎంత అందాలో చెప్పే, అంతర్జాతీయంగా వాడే స్ఫియర్ ప్రమాణాలు పనికొస్తాయి. మనిషికి రోజుకు తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి కనీసం 15 లీటర్ల నీళ్లు. మొదట్లో 50 మందికి ఒక మరుగుదొడ్డి, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి. 300 మంది ఉన్న బడికి రోజుకు 4,500 లీటర్లు కావాలన్నమాట. 5 వేల లీటర్ల ట్యాంకర్ ఒక్కటి రోజూ రావాలి. ఆ దారి మునిగితే ఎటు నుంచి వస్తుందో కూడా ఇప్పుడే అనుకోవాలి.

సరుకులు తక్కువ పడతాయి, ఎప్పుడూ అంతే. ముందు ఎవరికివ్వాలన్న నియమం లారీ రాకముందే రాసి, గ్రామసభలో చదివి వినిపించండి. లారీ వచ్చాక రాస్తే ఒత్తిడి తట్టుకోలేరు. ఇంటి పెద్ద పేరు, మనుషుల సంఖ్య వరకు ఉన్న జాబితాను గ్రామ సచివాలయం లేదా పంచాయతీ కార్యాలయం గోడకు అంటించండి. తమ పేరు లేదని గొడవ పెట్టుకునేవాళ్లు మీకు మేలు చేస్తున్నట్టే, చిరాకు పడకండి. అభ్యంతరాలు రాసుకోవడానికి ఒక మనిషిని, ఒక పుస్తకాన్ని పెట్టండి. మీరు తిరిగిన ఊళ్ల పేర్లు మండల కార్యాలయంలోనూ, మిగతా సంఘాలకూ చెప్పండి. నాలుగు బృందాలు వచ్చి అవే ప్రశ్నలు అడిగి ఉత్తచేతులతో వెళ్లిపోతే ఐదో బృందానికి ఎవరూ నిజం చెప్పరు.

నీళ్లు తీశాక జాబితా మళ్లీ సరిచూడాలి. మొదటి రోజు అన్నం పొట్లం కావాల్సిన ఇంటికి పదో రోజున బ్లీచింగ్ పౌడరు, దోమతెర, పిల్లల పుస్తకాలు కావచ్చు. కరెంటు, సిగ్నల్ పోయే కాలం కాబట్టి మొత్తం కాగితం మీద రెండు ప్రతులు రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఒకటి మునగని ఊళ్లో ఉంచండి.