ఒడియాలో పప్పులో కాలేయకుండా ఒక్క ‘అంతు’

బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్ళు ఒడియాలో పప్పులో కాలేసేది ఎక్కువగా ‘నువ్వు’ దగ్గరే. అమ్మనైనా నువ్వు అనే అలవాటుకొద్దీ కొత్త వియ్యపురాలిని ‘తు ఆ’ అనేస్తాం. అది ముఖం మీద ‘రావే’ అన్నట్టే. ‘నువ్వు’ అనే అర్థమొచ్చే ‘తు’, ‘తుమే’ రెండూ వదిలేసి క్రియ చివర ‘అంతు’ తగిలించండి: రండికి ఆసంతు, కూర్చోండికి బసంతు, తినండికి ఖాఆంతు, ఇవ్వండికి దిఅంతు. గుమ్మం నుంచి విస్తరి దాకా ఈ నాలుగుతో గడిచిపోతుంది. నోరు జారితే సంజాయిషీ వద్దు, వెంటనే అదే మాట ‘అంతు’తో మళ్ళీ అనండి. బయల్దేరేటప్పుడు ‘జాఉఛి’ (వెళ్తున్నా) కాదు, ‘ఆసుఛి’ (వస్తున్నా) అనాలి. మన ‘వెళ్ళొస్తా’ లాంటిదే. చిన్నపిల్లలతో, చనువున్న స్నేహితులతో మాత్రం ‘అంతు’ వాడొద్దు, అలిగారనుకుంటారు.