వరద నీళ్లకు క్లోరిన్ వేసినా పని చేయట్లేదా? ఇలా చూసుకోండి

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం చెంబెడు లేవు. అలాంటి రోజున ఇంట్లో ఉన్న బ్లీచింగ్ పౌడరో, ఆశా కార్యకర్త ఇచ్చిన క్లోరిన్ బిళ్లలో అక్కరకొస్తాయి. అయితే అందరూ అడిగేది ఎంత వేయాలని. అరగంట తర్వాత నీళ్లలో ఎంత మిగిలిందో కూడా చూడాలి. వేసిన క్లోరిన్ ముందు బురద మీద, కుళ్లిన చెత్త మీద, ఇనుము మీద ఖర్చయిపోతుంది. లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలితే ఆ నీళ్లు తాగొచ్చు. కింద చెప్పే చిక్కులు చాలావరకు ఈ లెక్క తప్పడం వల్ల వచ్చేవే.

ముందు కొలత సంగతి

పొడిని చిటికెలతో, గుప్పిళ్లతో బిందెలో వేయొద్దు. తాజా పొడిలో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది, నిల్వలో తగ్గుతుంది, కాబట్టి 25 అనుకుందాం. అంగడిలో 40 గ్రాములు తూకం వేయించుకుని లీటరు నీళ్లలో బాగా కలపండి. తెల్లటి మడ్డి అడుక్కి దిగాక పైతేట మాత్రం రంగు ప్లాస్టిక్ సీసాలోకి వంచుకోండి. ఇది ఒక శాతం ద్రావణం. తేట నీళ్లయితే 20 లీటర్ల క్యానుకు 5 మిల్లీలీటర్లు చాలు. మందుల షాపులో దొరికే సిరంజికి సూది తీసేస్తే అదే కొలత గొట్టం. వేసి కలిపి, మూతపెట్టి అరగంట ఆగాలి. ఈ ద్రావణం వారానికి మించి ఉంచొద్దు. సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి.

అరగంటయినా క్లోరిన్ వాసనే లేదు

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. కారణాలు రెండు: పొడి చచ్చిపోయి ఉండాలి, లేదా నీళ్లు మురికివై ఉండాలి.

మంచి పొడి పొడిపొడిగా రాలుతుంది, డబ్బా తెరవగానే ముక్కుకు ఘాటు తగులుతుంది. తేమ పట్టి ముద్దకట్టిందంటే అనుమానించండి. పసుపు పూసిన తెల్లగుడ్డ మీద కాస్త ద్రావణం వేసి చూడండి. పొడిలోని సున్నం తగిలి పసుపు ఎర్రబడుతుంది, కుంకుమ తయారయ్యేది అలాగే కదా. క్లోరిన్ బతికుంటే ఆ ఎరుపు కాసేపట్లోనే వెలిసి మరక తెల్లబడుతుంది. ఎరుపు అలాగే నిలిచిపోతే మీ చేతిలో ఉన్నది చాలావరకు సున్నమే. కాలువల పక్కన చల్లడానికి తెచ్చి, నెలల తరబడి తెరిచి ఉంచిన సంచిలోని పొడి సాధారణంగా ఇలాగే ఉంటుంది. దాన్ని తాగే నీళ్లకు నమ్మొద్దు. మన ఎండలకు రేకుల షెడ్డులో పెట్టిన సంచి ఇంకా త్వరగా చచ్చిపోతుంది. బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలో, చీకటి మూల పెట్టుకోండి. ఇనుప డబ్బా తుప్పు పడుతుంది.

పొడి బాగుంటే తప్పు నీళ్లది. నది బురద కలిసిన ఎర్రనీళ్లలో ఎంత వేసినా మింగేస్తుంది. ముందు పటికముక్కను నీళ్లలో నాలుగు చుట్లు తిప్పి, రెండు మూడు గంటలు కదపకుండా ఉంచి, తేటను నాలుగు మడతల పాత పంచె గుడ్డలో వడకట్టండి. అప్పుడు క్లోరిన్ వేయండి. అయినా మసగ్గా ఉంటే 5కి బదులు 10 మిల్లీలీటర్లు.

మోతాదు తేలకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నాలుగు ప్లాస్టిక్ గిన్నెల్లో ఐదేసి లీటర్ల నీళ్లు పోసి, వరసగా 1, 2, 3, 4 మిల్లీలీటర్ల ద్రావణం వేయండి. అరగంట తర్వాత సన్నగా వాసన వచ్చే మొదటి గిన్నె ఏదో చూడండి. దాని మోతాదుకు నాలుగింతలు మీ క్యానుకు. ముక్కు అందరికీ ఒకేలా పనిచేయదు, జలుబుంటే అసలే చేయదు. మీ గ్రామ, వార్డు సచివాలయంలో క్లోరిన్ పరీక్ష కిట్ ఉందేమో అడగండి. చుక్కల మందు కిట్ అయితే, చుక్క వేయగానే వచ్చే పసుపు రంగునే లెక్కలోకి తీసుకోవాలి, నిలబెట్టి తర్వాత చూస్తే లెక్క తప్పుతుంది.

వాసన ఘాటుగా ఉంది, పిల్లలు తాగట్లేదు

ఎక్కువ పడింది. మూత తీసి కొన్ని గంటలు ఉంచండి, లేదా ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి నాలుగైదు సార్లు వంచండి. నిమ్మకాయ పిండుకోవాలనిపిస్తే అరగంట దాటాకే. అందులోని విటమిన్ సి క్లోరిన్‌ను విరిచేస్తుంది, ముందే పిండితే క్రిములు బతికిపోతాయి. మురుగు కలిసిన నీళ్లలో మోతాదు చాలక కూడా ఒక రకం ముక్కు మండే వాసన వస్తుంది. కాబట్టి ఘాటు వచ్చిందని వెంటనే తగ్గించేయకుండా, పైన చెప్పిన గిన్నెల పరీక్ష చేసి చూడండి.

బోరు నీళ్లు ఎర్రబడ్డాయి

నీళ్లలో కరిగి ఉన్న ఇనుము క్లోరిన్ తగిలి తుప్పుగా బయటపడింది. తేరనిచ్చి, వడకట్టి, మళ్లీ వేయాలి. మొదట వేసింది ఇనుముకే సరిపోయింది. క్షారం ఎక్కువున్న బోరు నీళ్లలో క్లోరిన్ నెమ్మదిగా పనిచేస్తుంది, అరగంటకు బదులు గంట ఇవ్వండి.

పొద్దున వాసన ఉంది, సాయంత్రానికి పోయింది

ఎండ పడే ట్యాంకులో ఇది మామూలే. కడవలో పోసినా అంతే, మట్టిపాత్ర క్లోరిన్‌ను లాగేసుకుంటుంది. మూతున్న ప్లాస్టిక్, స్టీలు బిందెల్లో ఉంచి, కాడ ఉన్న గరిటెతో ముంచుకోండి. చేతులు ముంచితే చేసిన పనంతా వృథా. సంపులోకి కొత్త నీళ్లు వస్తే మళ్లీ లెక్క మొదలు. సరఫరా ఆగి మొదలైన కొళాయి పైపుల్లోకి పక్కనున్న మురుగు చేరే వీలుంది, ఆ మొదటి నీళ్లు పారబోయండి.

అంతా సరిగ్గా చేసినా విరేచనాలు

కొన్ని క్రిములు క్లోరిన్‌కు లొంగవు. కట్టెలో, గ్యాసో ఉంటే నీళ్లు తెర్లేదాకా కాచడం దీనికన్నా మేలు. ఇక వరదలో మునిగిన పొలాల పురుగుమందు, మన సీమ బోర్లలోని ఫ్లోరైడ్ క్లోరిన్‌తో పోవు, కాచినా పోవు. అలాంటి నీళ్లకు వేరే వనరు వెతకాల్సిందే. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

బిళ్లలు వాడుతున్నాం, లెక్క కుదరట్లేదు

బిళ్లలన్నీ ఒకటి కావు. కొన్ని లీటరుకు, కొన్ని 5 లీటర్లకు, కొన్ని 20 లీటర్లకు చేసినవి. అట్ట మీద చదవకుండా సీసాలో వేయొద్దు. తేదీ దాటినవి, రేకు చిరిగినవి పక్కన పెట్టండి.

కలుపుతుంటే కళ్లు మండి, దగ్గు వచ్చింది

ఆ బకెట్లో ఇంతకుముందు మరుగుదొడ్డి కడిగే యాసిడ్ వాడారేమో చూడండి. యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపొద్దు. సువాసన కలిపిన, నేల తుడిచే ద్రావకాలు తాగే నీళ్లకు అసలే వద్దు. దగ్గు మొదలైతే బకెట్ అక్కడే వదిలేసి ఆరుబయటికి రండి. పది నిమిషాలకు ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి.