దూరంలోనే ఆగిపోయే టర్కీ పుంజును దగ్గరకు రప్పించిన విధానం: నా అనుభవం

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు ఓజార్క్ కొండల్లో వసంతకాలపు వేటలో నాకు తరచూ ఎదురైన చిక్కు ఒకటే. పెట్ట కూతను అనుకరించే నా పిలుపుకు అడవి టర్కీ పుంజు గట్టిగా బదులిస్తూ వచ్చి, డెబ్బై గజాల దూరంలో ఆగి, తోక విప్పుకుని అక్కడక్కడే తిరిగేది. షాట్‌గన్‌తో నలభై గజాలు దాటి కాలిస్తే పక్షి చావక గాయాలతో తప్పించుకోవచ్చు కనుక, అది నాకు సమ్మతం కాదు.

సహజంగా పుంజు కూస్తే పెట్టే దాని దగ్గరకు వెళ్తుంది. అందువల్ల మనం ఎంత పిలిస్తే అది అంతగా నిలబడి ఎదురుచూస్తుంది. అందుకే పుంజు ఆగగానే పెద్ద పిలుపులు మానేసి, పిలుపుకు వాడే చిన్న రాతి పలక మీద పుల్లను బరువు వేయకుండా నెమ్మదిగా లాగి, మేస్తున్న పెట్ట చేసే మెత్తని గురగుర శబ్దాన్ని ఒకటి రెండుసార్లు వినిపించి, చేత్తో ఎండిన ఓక్ ఆకులను గీరి, ఆపైన పూర్తిగా మౌనం వహించసాగాను. పలకకు వేళ్ల జిడ్డు అంటితే ఈ స్వరం పలకదు కాబట్టి, ముందే సన్నని శాండ్‌పేపర్‌తో రుద్దుకోవాలి.

కూర్చునే చోటు కూడా మార్చాను. మధ్యలో వాగు, కంచె లేకుండా, పెట్టను వెతుకుతూ మిట్ట ఎక్కిన పుంజు తల పైకెత్తేసరికే అది తుపాకీ పరిధిలో ఉండేలా చూసుకుంటాను. ఈ శబ్దాలకు ఇతర వేటగాళ్లు కూడా వచ్చి, పొరపాటున మనవైపే కాల్చవచ్చు. వీపు వెనుక భుజాలకంటే వెడల్పైన చెట్టు తప్పనిసరి, పుంజు తల రంగులైన ఎరుపు, తెలుపు, నీలం దుస్తులు అసలే వద్దు.