డీడీఆర్5 ర్యామ్ నాలుగు స్టిక్కులు పెడితే క్రాష్ అవుతోందా? నాకు ఇలా సెట్ అయింది

రైజెన్ 7000 (ఏఎండీ ప్రాసెసర్) సిస్టమ్‌లో రెండు స్టిక్కులతో 6000 స్పీడ్ (MT/s) బాగానే నడిచింది, అచ్చం అలాంటివే ఇంకో రెండు పెట్టగానే మెమ్‌టెస్ట్‌లో (ర్యామ్ చెక్ చేసే ప్రోగ్రామ్) ఎర్రర్లు, గేమ్ మధ్యలో రీస్టార్ట్. విండోస్ మళ్లీ వేశా, స్టిక్కులు అటూఇటూ మార్చా, వోల్టేజ్ పెంచా, ఏం లాభం లేదు.

పనిచేసింది ఇదీ: ముందు బయోస్ అప్‌డేట్, తర్వాత ఎక్స్‌పో (ర్యామ్ స్పీడ్ పెంచే రెడీమేడ్ బయోస్ సెట్టింగ్) ఆఫ్ చేసి స్పీడ్ 3600 పెట్టా (నాలుగింటికి ఏఎండీ ఇచ్చిన లెక్కే అది, రెండైతే 5200), మొదటి బూట్‌కి స్క్రీన్ చాలాసేపు నల్లగానే ఉంటుంది, అది మెమరీ ట్రైనింగ్ (సిస్టమ్ ర్యామ్‌కి సరిపడే టైమింగ్‌లు వెతుక్కోవడం), కంగారుపడి పవర్ తీసేయకండి. రాత్రంతా టెస్ట్ తిప్పితే క్లీన్, అప్పుడు కొంచెం కొంచెం పెంచుకుంటూ 4800 దగ్గర ఆపేశా, పైకెళ్తే మళ్లీ ఎర్రర్లే.

ఒకే ఛానెల్ (సీపీయూకి, ర్యామ్‌కి మధ్య దారి) మీద రెండు స్టిక్కులుంటే లోడ్ పెరిగి సిగ్నల్ రిఫ్లెక్ట్ అవుతుంది, ఎల్‌పీడీడీఆర్5ని (ఫోన్లు, సన్నటి ల్యాప్‌టాప్‌లలో వాడే ర్యామ్) సీపీయూ పక్కనే సోల్డర్ చేసేది కూడా కొంత ఇందుకే. మీ బోర్డుని బట్టి 4800 రాకపోవచ్చు, ఇంకా ఎక్కువైనా రావచ్చు. ఇంకా కొననివాళ్లు మాత్రం రెండు పెద్ద స్టిక్కులే తీసుకోండి.