ఒంటికి పట్టిన గోమారిని తీసే ముందు

ముందు టెన్షన్ పడి గోళ్లతో లాగేయకండి. సన్నమొన ట్వీజర్, సబ్బు, స్పిరిట్ దగ్గర పెట్టుకోండి.

కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వ్యాజ్‌లీన్ పూయడం అస్సలు వద్దు, అదే ఊడి వస్తుందిలే అని కూర్చుంటే అది అతుక్కుని ఉన్నంతసేపూ జబ్బు సోకే అవకాశం పెరుగుతూనే ఉంటుంది.

తల దిగిన చోట, చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, మెలితిప్పకుండా, కుదుపు లేకుండా నిటారుగా పైకి లాగాలి. పొట్ట నొక్కకండి. నోటి ముక్క లోపలే ఉండిపోయి సులువుగా రాకపోతే వదిలేయండి, చర్మమే బయటికి నెట్టేస్తుంది. తర్వాత చేతులు, కుట్టిన చోటు కడగండి.

తేదీ రాసిపెట్టుకోండి, చాలామంది వదిలేసేది ఇదే. లైమ్ జబ్బు (గోమారి కాటుతో సోకే బ్యాక్టీరియా జబ్బు) దద్దురు 3 నుంచి 30 రోజుల్లో ఎప్పుడైనా రావచ్చు, జ్వరమో దద్దురో కనిపిస్తే డాక్టర్‌కి ఆ తేదీ చెప్పాలి.

ఇంట్లో మిగిలిన డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్ మందు) దయచేసి సొంతంగా మింగొద్దు. డాక్టర్ రాస్తే గ్లాసు నిండా నీళ్లతో వేసుకోండి, వెంటనే పడుకోకండి, ఐరన్, యాంటాసిడ్ మాత్రలతో కలపకండి. స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబర్ చూసి, ఆ బ్యాచ్ రీకాల్ అయిందేమో, అంటే కంపెనీ వెనక్కి తీసుకుందేమో, ఫార్మసిస్ట్‌ని అడగండి. అయిందంటే కోర్సు మధ్యలో ఆపేయకుండా వెంటనే వేరే బ్యాచ్ మందు తీసుకోండి.