ల్యాబ్ వజ్రాల బంగారు ఉంగరం: కొనేటప్పుడు, చేయించేటప్పుడు, వాడేటప్పుడు చూసుకోవాల్సినవి

నిశ్చితార్థానికో పెళ్లిరోజుకో ల్యాబ్ వజ్రం పొదిగిన ఉంగరం తీసుకోవాలనుకుంటే, నల్లగొండ గడియారం సెంటర్‌లో బేరమాడినా, పాలమూరులో చేయించినా, హైదరాబాద్ దాకా పోయినా, ముందు ఒక లెక్క మనసులో పెట్టుకోండి. రేపు అమ్మాల్సి వస్తే డబ్బు పలికేది బంగారానికి. రాయి మీద పెట్టింది ముచ్చట కోసం పెట్టిన ఖర్చు. ల్యాబ్ వజ్రాల ధరలు కొన్నేళ్లుగా బాగా పడిపోయాయి. గోల్డ్ లోన్‌కు పోయినా రాళ్ల బరువు తీసేసి, మిగిలిన బంగారానికే అప్పిస్తారు. అందుకే బంగారాన్నీ రాయినీ మొదటి నుంచీ వేరువేరుగా చూడాలి, వేరువేరుగా తూయించాలి, బిల్లులో వేరువేరుగా రాయించాలి.

రాయితో మొదలుపెడదాం. ల్యాబ్ వజ్రం గాజు కాదు, అమెరికన్ డైమండ్ కాదు. గనిలో దొరికే వజ్రంలాగే అది కూడా అచ్చమైన కార్బన్ స్ఫటికం, గట్టిదనం అంతే. విపరీతమైన ఒత్తిడి, వేడి పెట్టి పెంచే పద్ధతిని హెచ్‌పీహెచ్‌టీ అంటారు. చిన్న వజ్రపు పలుకు మీద మీథేన్ లాంటి వాయువులోని కార్బన్‌ను పొరలు పొరలుగా పేర్చే పద్ధతి సీవీడీ. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనులిచ్చిన గోల్కొండ వజ్రాల్లో పేరుమోసినవి చాలామటుకు నత్రజని దాదాపు లేని ‘టైప్ టూ ఏ’ రకం. సీవీడీ వజ్రాలు కూడా ఎక్కువగా అదే రకం. కాబట్టి మెరుపు చూసి ఇది భూమిలోదా, యంత్రంలోదా అని చెప్పడం ఎవరి తరమూ కాదు. అంగట్లో పెన్నులా ఉండే టెస్టర్ రాయిలో వేడి ఎంత త్వరగా పాకుతుందో మాత్రమే చూస్తుంది. గని వజ్రానికీ ల్యాబ్ వజ్రానికీ ఒకేలా మోగుతుంది, వజ్రంలా కనిపించే మరో రాయి మాయిసనైట్‌కూ మోగుతుంది. అమెరికన్ డైమండ్‌ను మాత్రం పట్టేస్తుంది. మాయిసనైట్‌ను పట్టాలంటే విద్యుత్తును కూడా కొలిచే టెస్టర్ కావాలి. బోరాన్ కలిసిన కొన్ని హెచ్‌పీహెచ్‌టీ రాళ్లను ఆ యంత్రం కూడా మాయిసనైట్‌గా చూపించవచ్చు. కాబట్టి చివరి మాట సర్టిఫికెట్‌దే.

వజ్రాలను పరీక్షించే ఐజీఐ అనే సంస్థ ఇచ్చే ల్యాబ్ వజ్రాల సర్టిఫికెట్ల నంబరు ‘ఎల్‌జీ’ అక్షరాలతో మొదలవుతుంది. అదే నంబరు రాయి నడుము అంచు మీద లేజర్‌తో చెక్కి ఉంటుంది. పదింతలు పెద్దగా చూపే భూతద్దం అడిగి మీ కళ్లతో చదవండి, ఫోన్‌లో ఐజీఐ సైట్ తెరిచి బరువు, కొలతలు సరిపోల్చండి. ఉంగరంలో బిగించాక రాయిని పట్టుకునే బంగారు కొక్కేలు, అంటే గోళ్లు, ఆ అంచును కప్పేయవచ్చు కాబట్టి బిగించకముందే చూడటం మేలు. మరీ చిన్న రాళ్లకు విడివిడిగా సర్టిఫికెట్ ఉండదు, ఉంగరం మొత్తానికి ఒకటి ఇస్తారు.

వజ్రం క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అందులో నూరో వంతు సెంటు. గుండ్రటి రాయి 30 సెంట్లయితే అడ్డం సుమారు 4.3 మిల్లీమీటర్లు, 50 సెంట్లయితే 5.1, క్యారెట్ అయితే 6.4 ఉంటుంది. బరువు రెట్టింపైనా వెడల్పు రెట్టింపు కాదు. రోజూ పెట్టుకునే ఉంగరానికి 30 నుంచి 50 సెంట్లు నిండుగా ఉంటుంది. గ్రేడుల్లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది కట్, అంటే రాయిని కోసి చెక్కిన తీరు; ఎక్సలెంట్ లేదా ఐడియల్ ఉండాలి. రంగు ఎఫ్, జీ, అంటే రంగు దాదాపు కనిపించనివి. రాయిలో మచ్చలు ఎంత తక్కువో చెప్పే క్లారిటీ వీఎస్ చాలు. దానికి పై గ్రేడైన వీవీఎస్ కోసం ఎక్కువ కట్టినా కంటికి తేడా తెలియదు. సర్టిఫికెట్ బాగున్నా కొన్ని సీవీడీ రాళ్లలో గోధుమ లేదా బూడిద ఛాయ, కొన్ని హెచ్‌పీహెచ్‌టీ రాళ్లలో నీలి ఛాయ, కొన్నిట్లో పాలు కలిపినట్టు మసక ఉంటుంది. అంగడి లైట్ల కింద ఏ రాయైనా తళతళలాడుతుంది. తెల్ల కాగితం మీద పెట్టి, గుమ్మం దగ్గర నీడలో, పగటి వెలుతురులో చూడండి. అక్కడ మసకగా ఉన్న రాయిని వదిలేయండి.

ఇక బంగారం. ఇక్కడ క్యారెట్ అంటే బరువు కాదు, స్వచ్ఛత. వజ్రానికి 22 క్యారెట్ల బంగారం మెత్తన, రాయిని పట్టుకునే గోళ్లు తొందరగా వంగుతాయి. 18 క్యారెట్లు సరైనది, 14 ఇంకా గట్టిది. లోపలివైపు బీఐఎస్ గుర్తు, 18కే750 అనే స్వచ్ఛత, ప్రతి నగకూ విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు నంబరు హెచ్‌యూఐడీ, ఈ మూడూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు వస్తువులకు మినహాయింపు ఉంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే స్వచ్ఛత, వస్తువు రకం, హాల్‌మార్క్ చేసిన కేంద్రం వస్తాయి. అక్కడ ‘చెవి కమ్మ’ అని వస్తే ఆ ఉంగరం వద్దు. తెలిసిన అవుసలాయనతో చేయిస్తుంటే హాల్‌మార్క్ వేయించి ఇస్తాడా అని పని అప్పజెప్పకముందే మాట్లాడుకోండి.

ఎక్కువమంది నష్టపోయేది బిల్లు దగ్గర. లెక్క తేలికగా ఉండటానికి 24 క్యారెట్ల గ్రాము 10,000 అనుకుందాం. 18 క్యారెట్ల గ్రాము 7,500. ఉంగరం మొత్తం బరువు 4.10 గ్రాములు, అందులో 50 సెంట్ల రాయి 0.10 గ్రాము, నికర బంగారం 4 గ్రాములు, అంటే 30,000. మజూరి 12 శాతం అయితే 3,600. రాయి 15,000 అనుకుంటే మొత్తం 48,600. దాని మీద 3 శాతం జీఎస్టీ 1,458. హాల్‌మార్క్‌కు వస్తువుకు 45 రూపాయలు, దాని మీద పన్ను వేరు. సుమారు 50,111తో అయిపోవాలి. బోర్డు మీద కనిపించే 22 క్యారెట్ల రేటునే ఈ ఉంగరానికి వేస్తే బంగారం 36,640 అవుతుంది, ఒక్క దెబ్బకు 6,640 ఎక్కువ. రాయితో కలిపి తూచి మొత్తానికీ బంగారం రేటు వేయడం రెండో పొరపాటు. చిన్న రాళ్లన్నీ కలిపి రెండు క్యారెట్లున్న ఉంగరంలో అది 0.4 గ్రాము, అంటే 3,000. మజూరి తీసుకుని తరుగు కూడా వేరే రాస్తే ఒప్పుకోకండి, ఆ రెండూ ఒకే పనికి అడుగుతున్న డబ్బు. బిల్లులో మొత్తం బరువు, రాయి బరువు, నికర బరువు, క్యారెట్, హెచ్‌యూఐడీ, సర్టిఫికెట్ నంబరు, ‘ల్యాబ్ గ్రోన్’ అన్న మాట తప్పకుండా ఉండాలి. వెనక్కి తీసుకుంటామంటే రాయికి ఎంత శాతం ఇస్తారో ఆ కాగితం మీదే రాయించండి. పేచీ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

వేలి కొలత సాయంత్రం తీయండి. పొద్దున చలికి వేలు సన్నబడుతుంది, మే నెల పాలమూరు ఎండకు ఉబ్బుతుంది. ఉంగరం లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో తీసుకుని 40 తీసేస్తే మన సైజు వస్తుంది: 54 అయితే 14వ సైజు. కణుపు లావుగా ఉంటే దాని మీదుగా దిగేలా చూసుకోవాలి. వేలి చుట్టూ ఉండే పట్టీ 6 మిల్లీమీటర్ల కన్నా వెడల్పైతే అర సైజు పెంచండి. చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరాన్ని తర్వాత పెంచడం, తగ్గించడం కుదరదు, అలాంటిదానికి రెండుసార్లు కొలవండి.

డెలివరీ రోజు చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి, టకటకమంటే రాయి వదులు. పత్తి పోగు తీసుకుని గోళ్ల మీదుగా లాగండి. పోగు చిక్కితే గోరు లేచి ఉంది, అక్కడికక్కడే సరిచేయించాలి. పత్తి ఏరే చేతులకు, పిండి పిసికే చేతులకు పొడుగు గోళ్ల ఉంగరం పనికిరాదు. రాయి చుట్టూ బంగారు అంచు మడిచిన సెట్టింగ్ చెప్పండి. పట్టీ కింది భాగం మందం కనీసం 1.5 మిల్లీమీటర్లు ఉండాలి. బరువు తగ్గించడానికి పల్చగా తీస్తే రెండేళ్లలో వంగి, దాంతో రాయీ వదులవుతుంది.

వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. నూనె, పసుపు రాయి అడుగున చేరితే మెరుపు చచ్చిపోతుంది. వారానికోసారి గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి 20 నిమిషాలు నానబెట్టి, పిల్లల మెత్తటి బ్రష్‌తో అడుగు నుంచి రుద్దండి. మన బోరు నీళ్ల ఉప్పదనానికి ఆరాక తెల్లటి పొర మిగులుతుంది, చివరిసారి ఫిల్టర్ నీళ్లతో కడిగితే రాదు. టూత్‌పేస్టు బంగారాన్ని గీస్తుంది. బ్లీచ్‌లోని క్లోరిన్ బంగారంలో కలిసిన రాగి, వెండి, నికెల్ లాంటి లోహాలను తినేసి గోళ్లను పెళుసు చేస్తుంది, బాత్‌రూమ్ కడిగే ముందు ఉంగరం తీసెయ్యాలి. ఆర్నెల్లకోసారి గోళ్లు బిగించుకోండి.

సైజు మార్పించేటప్పుడు మంట విషయం గట్టిగా చెప్పాలి. గాలి తగులుతూ బాగా వేడెక్కితే వజ్రం పైపొర కాలి పాలలా తెల్లబడుతుంది, దాన్ని మళ్లీ పాలిష్ పట్టించి బరువు పోగొట్టుకోవడమే మార్గం. రాయి తీసి అతకడం శ్రేయస్కరం, తీయలేకపోతే బోరిక్ యాసిడ్ పూత పట్టించాలి, వేడి మీదున్న ఉంగరాన్ని నీళ్లలో ముంచకూడదు. హెచ్‌యూఐడీ ఉన్న చోట కోయొద్దని చెప్పండి. ఇచ్చేముందు ఒకసారి, తీసుకున్నాక ఒకసారి బరువు తూయించి చీటీ మీద రాయించుకోండి.