ఎడారి పరుగు నేర్చుకుందాం – 4వ పాఠం: ఇసుక, ఎండ, ఉప్పు

పోయిన పాఠంలో ఇచ్చిన పని ఎంతమంది చేశారో తెలీదు గానీ, వారానికి నాలుగు రోజులు బయటికి వెళ్తూ, అందులో ఒకరోజు మూడు గంటలు కూర్చోకుండా కాళ్ల మీద ఉండగలుగుతున్నవాళ్లే ఈ పాఠం మొదలుపెట్టండి. మిగతావాళ్లు చదివి పక్కన పెట్టుకోండి, తొందరేం లేదు. నడిచినా లెక్కే అని అప్పుడే చెప్పాను. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు దాటితే చాలు దాన్ని అల్ట్రా అంటారు, అంతా పరిగెత్తాలని ఎక్కడా రాసి లేదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. మనం గురి పెట్టుకున్నది మొరాకోలో సహారా ఎడారిలో జరిగే మారథాన్ దే సాబ్ల్ లాంటి పరుగు. 1984లో పాట్రిక్ బావర్ అనే ఫ్రెంచ్ ఆయన ఒంటరిగా 350 కిలోమీటర్లు సహారాలో నడిచాడు, ఆ పిచ్చి మిగతావాళ్లకీ అంటించాలని 1986లో ఈ పరుగు మొదలుపెట్టాడు, మొదటిసారి వచ్చింది 23 మంది. వారం రోజుల్లో దాదాపు 250 కిలోమీటర్లు, తిండి మొత్తం మన వీపు మీదే, నీళ్లు మాత్రం వాళ్లే ఇస్తారు. ఇలా పరిగెత్తి, ఆ పేరు చెప్పి వరద బాధితుల కోసం డబ్బు పోగుచేయడం మన ఉద్దేశం.

ఇక ఇసుక. "వరంగల్లో ఇసుకెక్కడిది సార్" అని ముగ్గురు అడిగారు. ఎండాకాలం ఏటూరునాగారం, మంగపేట వైపు వెళ్లి చూడండి, గోదావరి సన్నగిల్లి ఎంత దూరం చూసినా ఇసుకే. మేడారం దగ్గర జంపన్న వాగు కూడా జాతర లేని రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. అయితే నేను ఇసుకలో పరిగెత్తడం నేర్చుకున్నది నదిలో కాదు, ఒక పొలంలో.

2023 జులై గుర్తుంది కదా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన, ఆ మర్నాడు 27న పొద్దున్నే మోరంచ వాగు మోరంచపల్లిని ముంచేస్తే జనం ఇళ్ల పైకప్పులెక్కి కూర్చున్నారు. వాన వెలిశాక కెమెరాలు వెళ్లిపోయాయి, ఇసుక ఉండిపోయింది. ఆ వాగు పక్కనే ఇంకో ఊళ్లో మా స్నేహితుడి బంధువుల పొలం ఉంది. నాట్లు వేసిన మడి మీద మోకాలి లోతు మేట. బియ్యం, దుప్పట్లు పంచడానికి వెళ్లిన నేను ఆ మేట మీద నాలుగడుగులు వేసేసరికి పిక్కలు పట్టేశాయి. అప్పటికి నేను హన్మకొండ స్టేడియంలో పది కిలోమీటర్లు సునాయాసంగా పరిగెత్తేవాణ్ని, అదో గర్వం కూడా ఉండేది.

తర్వాత ఆదివారాలు అక్కడికే వెళ్లి సాధన చేయడం మొదలుపెట్టాను. మూడో వారం ఒక పెద్దమ్మ గట్టు మీద నిలబడి కాసేపు చూసి, "ఏం బిడ్డా, తొవ్వ మంచిగుండంగ ఈ ఇసుకల ఉరుకుడేంది?" అంది. చెప్పాను, ఎడారిలో పరిగెత్తి డబ్బు తెస్తానని. ఆమె నవ్వలేదు. "గీ ఇసుక తీసేటోడు దొరుకుతలేడు గని తొక్కేటోడు దొరికిండు. నువ్వు ఉరికితే నా ఇసుక ఎట్ల పోతది?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. దాని సంగతి పాఠం చివర్లో చూద్దాం, ముందు కాళ్ల సంగతి.

గట్టి నేల మీద పరుగుకు పట్టే శక్తి కంటే మెత్తటి ఇసుకలో ఒకటిన్నర రెట్లకు పైనే పడుతుందని కొలిచి చెప్పారు, నడకకైతే రెండు రెట్లు దాటుతుంది. ఎందుకంటే మనం వెనక్కి తన్నిన బలం ఇసుకను జరపడానికే పోతుంది, మనల్ని ముందుకు నెట్టదు. కాబట్టి తన్నడం మానేయాలి. రోడ్డు మీద బొటనవేలితో నేలను నెట్టి లేచే అలవాటు ఉంటుంది చూడండి, అదే ఇక్కడ శత్రువు. పాదం మొత్తం ఒకేసారి చదునుగా ఆనించి, అంతే చదునుగా ఎత్తేయాలి, నాటు వేసిన మడిలో మొక్క తొక్కకుండా నడిచేవాళ్లు వేస్తారే, ఆ అడుగు. అడుగు పొట్టిగా, గబగబా పడాలి. వేగం చూసుకోవద్దు, గడియారం జేబులో పెట్టుకోండి, లేకపోతే బీపీ పెరగడం తప్ప ఏం ఉండదు.

ఏ ఇసుక మీద అడుగు వేస్తున్నామనేది ఇంకా ముఖ్యం. పొద్దున్నే మంచుకు తడిసి పైన సన్నటి పొర గట్టిపడి ఉంటుంది, దాని మీద తేలికగా వెళ్లిపోవచ్చు, ఎండెక్కాక అదే చోట చీలమండ దాకా దిగబడుతుంది. దిబ్బకు గాలి కొట్టే వైపు ఇసుక అణిగి వాలు తక్కువగా ఉంటుంది, అటు నుంచి ఎక్కాలి. రెండో వైపు నిటారుగా, వదులుగా ఉంటుంది, అది దిగడానికే. ముందు వెళ్లినవాళ్ల అడుగుజాడల్లో అడుగేయడం కొత్త ఇసుకలో కన్నా తేలికగా ఉంటుంది ఒక్కోసారి, ఒక్కోసారి వాళ్లే మొత్తం గుల్ల చేసి పెడతారు. పది అడుగులు అటూ ఇటూ వేసి చూసి తేల్చుకోండి. దిబ్బ ఎక్కేటప్పుడు పరుగు వద్దు, చేతులు తొడల మీద పెట్టి నడవడమే.

ఇసుక బూట్లోకి దూరితే పరుగు అక్కడితో సరి, పది కిలోమీటర్లకే బొబ్బలు. దానికి బూటు చుట్టూ గుడ్డ తొడుగు వేస్తారు. గొడుగు గుడ్డ లాంటి పల్చటి, గట్టి గుడ్డతో మోకాలి కింద దాకా వచ్చేలా దర్జీతో కుట్టించుకోవచ్చు, దాని అంచుకు వెల్క్రో (నొక్కితే అతుక్కునే పట్టీ), బూటు చుట్టూ అడుగు అట్ట మొదలయ్యే చోట వెల్క్రో రెండో సగం. నేను వరంగల్ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే ఆయనతో ఈ పని చేయించాను. మొదటిసారి దారం లోపలికి వచ్చి వేళ్లకు గుచ్చుకుంది, తప్పు నాదే, బూట్లో చెయ్యి పెట్టి తడిమి చూసుకోకుండా తెచ్చేసుకున్నాను. ఎండకు పాదాలు ఉబ్బుతాయి కాబట్టి బూటు మీ సైజు కన్నా ఒకటి పెద్దది తీసుకోండి, తొడుగు కుట్టించాక దాన్ని తిరిగి ఇవ్వడం కుదరదు.

ఇసుక గురించి ఆఖరి మాట. 1994లో మౌరో ప్రాస్పెరీ అనే ఇటలీ ఆయన ఈ పరుగులోనే ఇసుక తుఫానులో దారి తప్పి, తొమ్మిది రోజుల తర్వాత పక్క దేశం అల్జీరియాలో తేలాడు. బతికి బయటపడ్డాడు, అది వేరే సంగతి. మనకు కావలసింది ఒక్కటే: ఇసుక లేచి దారి గుర్తులు కనబడకపోతే ఉన్నచోటే వీపు గాలికి పెట్టి కూర్చోవాలి, గుడ్డతో ముక్కూ నోరూ కప్పుకోవాలి. ఎంతసేపైనా సరే.

ఇప్పుడు ఎండ. "మనకు ఎండ కొత్తా, రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊరు మనది" అంటారు చాలామంది. నిజమే, రామగుండం ఎండ చూసినవాడికి సహారా ఎండ అంకె చూసి భయం వేయదు. కానీ కూలర్ ముందు కూర్చుని టీవీలో ఎండ వార్త చూసినవాడికి ఎండ అలవాటైనట్టు కాదు. శరీరం ఎండకు అలవాటు పడాలంటే వరుసగా పది నుంచి పద్నాలుగు రోజులు, రోజూ గంట నుంచి గంటన్నర, వేడిలో కష్టపడాలి. అప్పుడు రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, దాంట్లో ఉప్పు తగ్గుతుంది, అదే వేగానికి గుండె తక్కువ కొట్టుకుంటుంది. మానేస్తే రెండు మూడు వారాల్లో చాలావరకు పోతుంది. అందుకే మేలో చేసిన సాధన డిసెంబర్‌కు పనికిరాదు. ఏప్రిల్ పరుగుకైతే మార్చి చివరి రెండు వారాలు మనకు దేవుడిచ్చినట్టే.

మే నెల మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్రం ఎవరూ బయటికి పోవద్దు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి పదిన్నరకల్లా నీడకు వచ్చేయండి, తోడు లేకుండా వెళ్లొద్దు. మాట తడబడినా, అడుగు తూలినా, ఉన్నట్టుండి చిరాకు పడుతున్నా అది వడదెబ్బే అనుకోవాలి. చెమట పడుతోంది కదా అని ధైర్యం చెప్పుకోవద్దు, పరుగులో వచ్చే వడదెబ్బకు చెమట ఆగాలని లేదు. ముందు చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడపాలి, ఒకరు నీళ్లు పోస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

చలికాలంలో పరుగు ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. మామూలు పరుగు అయిన వెంటనే 40 డిగ్రీల వేడి నీళ్లలో మెడ దాకా మునిగి అరగంట, ఆరు రోజులు వరుసగా. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. తొట్టి లేదు కాబట్టి నేను నీళ్ల డ్రమ్ములో కూర్చున్నాను. మా పక్కింటావిడ మా ఆవిణ్ని "అన్నకు పాణం మంచిగ లేదా వదినా" అని అడిగిందట. లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి, ఇంట్లో ఒకరు దగ్గర ఉండాలి.

ఇక ఉప్పూ నీళ్లూ, ఇక్కడ నేను దెబ్బతిన్నాను. థార్‌లో వంద కిలోమీటర్ల పరుగులో భయంతో కనబడిన ప్రతిచోటా నీళ్లు తాగాను. అరవయ్యో కిలోమీటరుకు వేళ్లు లావెక్కి ఉంగరం రాలేదు, వాంతి వచ్చినట్టుంది, తల బరువు. దాహం అనుకుని ఇంకో సీసా తాగాను. తీరా చూస్తే అది నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై. రక్తంలో సోడియం పలచబడితే మెదడు ఉబ్బుతుంది, ప్రాణం కూడా పోవచ్చు. అక్కడున్న డాక్టరు నీళ్లు ఆపించి కూర్చోబెట్టాడు, పరుగు అక్కడితో అయిపోయింది. వంద పూర్తి చేస్తే ఇరవై వేలు చందా ఇస్తానన్న మా బాబాయి మాత్రం "అరవై అయితే అరవైకే లెక్క" అని పన్నెండు వేలు పంపాడు.

మీ చెమట ఎంతో మీరే కొలుచుకోండి. బట్టల్లేకుండా బరువు చూసుకుని, గంట పరిగెత్తి, తుడుచుకుని మళ్లీ చూడండి. నాది 68.4 నుంచి 67.3కి వచ్చింది, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగాను, అంటే గంటకు లీటరున్నర పోతోంది. అంతా తిరిగి నింపాలని చూడొద్దు, పొట్ట గంటకు లీటరు దరిదాపు మించి లాగలేదు. దాహానికి తాగండి, పరుగు అయ్యేసరికి బరువు మొదటికన్నా పెరిగిందంటే తప్పు చేసినట్టే. ఎడారిలో గాలి పొడిగా ఉండి చెమట అక్కడికక్కడే ఆరిపోతుంది, పట్టలేదనిపిస్తుంది, చొక్కా మీద తెల్ల చారలు చూస్తే తెలుస్తుంది. ఎక్కువ చారలు పడేవాళ్లకు ఉప్పు ఎక్కువ కావాలి. సాధనలో ఉప్పేసిన మజ్జిగ, అంబలి బాగా పనిచేస్తాయి, పరుగు రోజుకు ఓఆర్ఎస్ పెద్ద పొట్లం (లీటరుది) లీటరు నీళ్లకు ఒకటి, కచ్చితంగా లీటరుకే. చిక్కగా కలిపితే మంచిదనుకోవడం మన జబ్బు.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్న. నేను ఉరికితే ఆమె ఇసుక ఎట్ల పోతది?

సహారా పరుగుకు ఫీజు, విమానం అన్నీ కలిపి లక్షల్లో అవుతుంది. మా ఆఫీసులో ఒకతను మొహం మీదే అన్నాడు, ఆ లక్షలు నేరుగా ఆమెకే ఇవ్వొచ్చు కదా అని. వాదించడానికి ఏం లేదు, సరైన మాటే. అందుకే నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. నా ఖర్చు ఒక్క రూపాయి కూడా చందాలోంచి రాదు, బూట్లు కూడా. నా ఖర్చు కన్నా ఎక్కువ పోగవుతుందని నమ్మకం లేకపోతే అంత దూరం వెళ్లను, గోదావరి ఇసుకలోనే యాభై కిలోమీటర్లు పరిగెత్తి అడుగుతాను. ఇచ్చేవాళ్లకు మొరాకో అయినా మంగపేట అయినా ఒకటే, వాళ్లు చూసేది మీరు నిజంగా కష్టపడుతున్నారా, డబ్బు ఎక్కడికి పోతోంది అని.

"వరద బాధితుల సహాయార్థం" అని రాస్తే ఎవరి చెయ్యీ జేబులోకి పోదు. ఫలానా ఊళ్లో ఫలానా ఎనిమిది ఎకరాల మేట తీయించడానికి ట్రాక్టరు బ్లేడు ఇన్ని గంటలు, గంటకు ఇంత, అని రాయండి. నేను అలా రాశాక ఒకాయన ఫోన్ చేసి "నాలుగు గంటలు నావి" అన్నాడు. అదీ ఆమెకు జవాబు. డబ్బు మీ సొంత ఖాతాలోకి, మీ తమ్ముడి ఫోన్‌పేలోకి రానివ్వకండి, ఎంత నిజాయితీపరులైనా సరే. నమోదైన సంస్థ ఖాతాలోకే రావాలి, రసీదు వాళ్లే ఇస్తారు. పన్ను మినహాయింపు కావాలనేవాళ్లకు చెప్పండి, నగదుగా రెండు వేలు దాటితే ఆ మినహాయింపు రాదు. అమెరికాలో ఉన్న మనవాళ్ల విషయంలో ఒక మెలిక ఉంది: ఇంకా భారత పౌరులే అయితే వాళ్ల సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లదైతే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, దాన్ని తీసుకునే అనుమతి ఉన్న సంస్థకే పంపాలి. మా మేనల్లుడి డబ్బు ఇలాగే వెనక్కి పంపాల్సి వచ్చింది.

ఈ వారం పని: చెమట కొలత ఒకసారి, ఇసుకలో ఇరవై నిమిషాలు రెండుసార్లు, మొదటి రోజు నడకే. ఇంకోటి, మీరు ఏ ఊరి కోసం అడగబోతున్నారో అక్కడికి ఒకసారి వెళ్లి, ఏం కావాలో వాళ్లనే అడిగి, ఒక్క వాక్యంలో రాసుకురండి. వచ్చే పాఠం వీపు సంచి, తిండి. రోజుకు కనీసం 2000 కేలరీలు మోయాలన్నది నిబంధన, దాన్ని పల్లీలు, సత్తుపిండి, సకినాలతో ఎలా సర్దుతామో చూద్దాం. సకినాలు సంచిలో పొడైపోతాయని నాకూ తెలుసు, పొడే తింటాం.